సూపర్‌చార్జర్ కన్నా వీవీటీ ట్యూనింగే నచ్చింది, కాకపోతే...

ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్ అనగానే అందరూ బూస్ట్ (ఆ గాలి ప్రెషర్) ఎంత, హార్స్‌పవర్ ఎంత అనే అడుగుతారు. వాల్వులు తెరిచే రెండు క్యామ్‌లకీ వీవీటీ (వాల్వులు తెరుచుకునే టైమ్‌ని ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు) ఉన్న 2.7 లీటర్ల పెట్రోల్ బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొని ఇన్నాళ్లు నల్లగొండ చుట్టూ తిప్పినవాడిగా చెప్తున్నా, అసలు మజా క్యామ్‌ని ఎప్పుడు ఎంత జరపాలో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పే వీవీటీ టేబుల్‌లో ఉంది.

బండికి సూపర్‌చార్జర్ కిట్ వేసిన కొత్తలో క్యామ్‌లు కంపెనీ సెట్టింగ్‌లోనే ఉండేవి. తొక్కితే సౌండ్ అదిరిపోయేది, పెట్రోల్ బాగా తాగేది, దానికి తగ్గ లాగుడు మాత్రం ఉండేది కాదు. గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్ వాల్వులు కాసేపు కలిసి తెరుచుకునే ఓవర్‌ల్యాప్ మామూలు ఇంజిన్‌కి మంచిదే కానీ, వెనక నుంచి గాలిని నెట్టేటప్పుడు అదే దొడ్డిదారి అవుతుంది, పెట్రోల్ కలిసిన గాలి కాలకుండానే సైలెన్సర్ వైపు జారుకుంటుంది. ట్యూనర్ బూస్ట్ ఎక్కే చోట ఓవర్‌ల్యాప్ తగ్గించి, బూస్ట్ లేని చోట ఇన్‌టేక్ క్యామ్‌ని ముందుకు జరిపాడు. బూస్ట్ పెంచడానికి మార్చే సూపర్‌చార్జర్ పుల్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు దేవరకొండ రోడ్డు మీద వడ్ల లారీ వెనక పోతూ గేరు దించకుండానే దాటేస్తున్నా.

ఇక శ్రీశైలం సంగతి. దర్శనం చేసుకుని ఇంటిల్లిపాదీ తిరిగొస్తున్నాం, డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ లైట్ వెలిగింది. మలుపులో క్లచ్ నొక్కితే చాలు, వణికి ఆగిపోతోంది. స్కానర్ పెడితే పీ0011 కోడ్ వచ్చింది, అంటే ఇన్‌టేక్ క్యామ్ మరీ ముందుకు జరిగిందని. కంప్యూటర్ సున్నా అడుగుతుంటే ఇన్‌టేక్ క్యామ్ 28 డిగ్రీల ముందు కూర్చుంది, దిగనంటోంది. రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు ఫారెస్ట్ గేటు మూస్తారు, పక్కన అమ్మ ఒకటే టెన్షన్. ఏసీ ఆపేసి, ప్రతి మలుపులో హ్యాండ్‌బ్రేక్ లాగి, రేస్ ఇస్తూనే ఎలాగో గేటు దాటించాను. దారి పొడుగునా ట్యూనర్‌ని తిట్టుకున్నా.

నల్లగొండలో మా మెకానిక్ క్యామ్‌ని జరిపే ఆయిల్ కంట్రోల్ వాల్వు విప్పి చూపించాడు. "ట్యూనింగ్‌ది ఏం లేదన్నా, చూడు, జాలీకంతా మడ్డి పట్టింది, లోపల కదిలే కడ్డీ ఇరుక్కపోయింది." పాత ఓనర్ కాలం నాటి మడ్డి. వీవీటీ నడిచేదే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ మీద, కొత్త మ్యాప్ (ట్యూనర్ పెట్టిన సెట్టింగ్) క్యామ్‌ని ఎక్కువ తిప్పేసరికి బయటపడింది.

అందుకే, ఈ ట్యూనింగ్ చేయిస్తే ఇంక చూసుకోనక్కర్లేదని దోస్తులకు చెప్పిన మాట కొంచెం సవరించుకుంటున్నా. ముందు ఆ వాల్వు తీసి కడిగించండి, తర్వాతే ల్యాప్‌టాప్ పెట్టించి ట్యూన్ చేయించండి. ఆయిల్ నేను కంపెనీ చెప్పిన దాంట్లో సగం కిలోమీటర్లకే మారుస్తున్నా. మ్యాప్ 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోల్‌కి చేసింది కాబట్టి మామూలు పెట్రోల్ పోసిన రోజు కాలు అదుపులో పెట్టుకోవాలి. నాకు ఇంటి దగ్గరే తెలిసిన మెకానిక్ ఉన్నాడు, బండి రోజూ తీయను, కాబట్టి సరిపోయింది. మహబూబ్‌నగర్ నుంచి రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి పోయొచ్చేవాళ్లకైతే ఇంత ఖర్చు దండగే అనిపిస్తుంది, పైగా ఇన్సూరెన్స్ వాళ్లు, ఆర్టీఓ వాళ్లు ఏమంటారో ముందే కనుక్కోండి.