పోస్ట్‌ఫిక్స్: మెయిల్ పోగొట్టదు, మన తప్పులూ దిద్దదు

మూడేళ్ల క్రితం దాకా మా ఆఫీసు సర్వర్ నుంచి వెళ్లే మెయిల్ అంతా ఒక చిన్న స్క్రిప్ట్ చూసుకునేది. రాత్రి బ్యాకప్ అయ్యాక రిపోర్టు, నెలాఖరున బిల్లులు, ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోతే ఒక లింకు. స్క్రిప్ట్ నేరుగా ప్రొవైడర్ సర్వర్‌కి కనెక్ట్ అయి, ఇవ్వాల్సింది ఇచ్చేసి తప్పుకునేది. కనెక్ట్ కాలేదో, ఆ మెయిల్ గాల్లో కలిసిపోయినట్టే. ఒక నెలాఖరు సాయంత్రం నలభై నిమిషాలు లైన్ పోయింది. బిల్లులు పంపామని మేము, రాలేదని కస్టమర్లు. ఎవరికి చేరాయో ఎవరికి చేరలేదో తేల్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ వారమే పోస్ట్‌ఫిక్స్ ఎక్కించాను, అంటే మన మెయిల్ తీసుకుని దాచుకుని, అవతలి సర్వర్‌కి చేర్చే ప్రోగ్రామ్.

అప్పటి నుంచి దీన్ని బ్రౌజర్ ప్యానెళ్లేవీ లేకుండా కమాండ్ లైన్ మీదే నడుపుతున్నాను. ఈ రివ్యూ కూడా ఆ మేరకే. మెయిల్ బయటికి పంపడమే మా పని. బయటి నుంచి తీసుకోవడం, మెయిల్‌బాక్సులు చూసుకోవడం నేను చేయలేదు కాబట్టి వాటి జోలికి పోను. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం చిన్నక్షరమా పెద్దక్షరమా అని చూసుకోండి, ఒకచోట ఆ తేడా కొంప ముంచుతుంది.

దీన్ని రాసింది వీట్సె వెనెమా. ఐబీఎం పరిశోధన కేంద్రంలో ఉండగా రాశారు, 1998లో బయటికొచ్చింది. అప్పటికి రాజ్యమేలుతున్నది సెండ్‌మెయిల్ అనే పాత మెయిల్ ప్రోగ్రామ్. దాని కాన్ఫిగ్ ఫైలు తాయెత్తులోని రేకు మీద రాసిన మంత్రంలా ఉండేది, రాసినవాడికి తప్ప అర్థం కాదు. వెనెమా ఆ ఫైలును వదిలేసి, సెండ్‌మెయిల్ అనే కమాండ్ పేరును మాత్రం ఉంచేశారు. పాత ప్రోగ్రాములన్నీ ఆ పేరుతోనే పిలుస్తాయి కదా. మా స్క్రిప్టుల్లో ఒక్కో లైను మారిస్తే సరిపోయింది.

నాకు మొదట నచ్చింది క్యూ, అంటే వెళ్లాల్సిన మెయిళ్లు ఆగే వరుస. సెండ్‌మెయిల్ కమాండ్‌కి మెయిల్ అందిస్తే అది ముందు మెయిల్‌డ్రాప్ అనే డైరెక్టరీలో ఫైలుగా పడుతుంది. అక్కడి నుంచి ఇన్‌కమింగ్, తర్వాత యాక్టివ్, వెళ్లకపోతే డిఫర్డ్. ఒక్కో మెట్టుకీ ఒక్కో చిన్న ప్రోగ్రామ్, ఎవరి పని వాళ్లది. నమ్మకం కుదరక మొదటి రోజే ఒక పరీక్ష పెట్టాను. పోస్ట్‌ఫిక్స్ మొత్తాన్ని ఆపేసి, సెండ్‌మెయిల్‌తో నాకు నేనే ఒక మెయిల్ పంపుకున్నాను. మారుమాట లేకుండా తీసుకుంది. అన్నం తిని వచ్చి స్టార్ట్ చేశాను, కాసేపట్లో మెయిల్ నా పెట్టెలో ఉంది. పాత స్క్రిప్ట్ అయితే ఏం చేసేదో మీకు తెలుసు.

ఇక కాన్ఫిగరేషన్. ఉన్న సెట్టింగులు వందల్లో ఉంటాయి. పోస్ట్‌కాన్ఫ్ కమాండ్‌కి -డి ఇస్తే డిఫాల్టులన్నీ చూపిస్తుంది, కొత్తవాళ్లు ఆ పని చేయకండి, గుండె జారిపోతుంది. -ఎన్ ఇస్తే మెయిన్.సీఎఫ్ అనే దాని కాన్ఫిగ్ ఫైల్లో మనం పెట్టినవి మాత్రమే వస్తాయి. మా సర్వర్‌లో అది పదిహేను లైన్లు దాటదు. మార్చాలంటే -ఈ. ఎడిటర్ తెరవక్కర్లేదు, పాత విలువ తీసేసి కొత్తది తనే రాస్తుంది. ఇనెట్_ఇంటర్‌ఫేసెస్‌ని లూప్‌బ్యాక్-ఓన్లీ (ఈ మెషీన్ లోపలి మాటే వినాలి) చేస్తే బయటివాళ్లెవరూ మన సర్వర్‌కి మెయిల్ తోయలేరు. అది మార్చినప్పుడు రీలోడ్ (నడుస్తుండగానే సెట్టింగులు మళ్లీ చదివించడం) చాలదు, ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నేను రీలోడ్ చేసి ఊరుకుని, మారలేదేమిటా అని తల గోక్కున్నాను.

అసలు టెన్షన్ అంతా రిలేహోస్ట్ దగ్గర. మన మెయిల్‌ని ఏ సర్వర్‌కి అప్పగించాలో చెప్పే సెట్టింగ్ అది. ప్రొవైడర్ సర్వర్ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, పక్కన కోలన్, పోర్టు నంబరు 587 అని రాయాలి. బ్రాకెట్లు ఉంటే 'ఎమ్ఎక్స్ రికార్డు (ఒక డొమైన్ మెయిల్ ఏ సర్వర్ తీసుకుంటుందో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) వెతక్కు, నేరుగా ఈ మెషీన్‌కే వెళ్లు' అని అర్థం. బాగానే రాశాను. ఏ సర్వర్‌కి ఏ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలో చెప్పే పాస్‌వర్డ్ ఫైల్లో మాత్రం బ్రాకెట్లు లేకుండా పేరూ, కోలన్, 587 రాశాను. లాగ్‌లో చూస్తే ఆథెంటికేషన్ కావాలని అవతలి సర్వర్ ప్రతిసారీ తిప్పి కొడుతోంది. పాస్‌వర్డ్ తప్పేమోనని మూడుసార్లు మార్చాను. గంట తర్వాత పోస్ట్‌మ్యాప్ -క్యూ గుర్తొచ్చింది. రిలేహోస్ట్‌లో ఏం రాశామో అక్షరం పొల్లుపోకుండా అదే ఇచ్చి, ఈ ఫైల్లో దీనికి జవాబేమిటని అడగడం. ఏమీ రాలేదు, ఖాళీ. బ్రాకెట్లు లేకుండా అడిగాను, యూజర్ పేరూ పాస్‌వర్డూ తెర మీద పడ్డాయి. పోస్ట్‌ఫిక్స్ రిలేహోస్ట్‌లో ఉన్న రూపంతో వెతుకుతుంది, బ్రాకెట్లతో సహా. రెండు చోట్లా ఒకేలా రాసి, పోస్ట్‌మ్యాప్ మళ్లీ నడిపాను. ఐదు సెకన్లలో మెయిల్ వెళ్లిపోయింది.

ఆ మళ్లీ నడపడం కూడా మరిచిపోయేదే. పాస్‌వర్డ్ ఫైలు మనం చదువుకోవడానికి, పోస్ట్‌ఫిక్స్ చదివేది దాని నుంచి పోస్ట్‌మ్యాప్ తయారుచేసిన డీబీ ఫైలును. మన ఫైలు మార్చి డీబీ చేయకపోతే పాత పాస్‌వర్డే నడుస్తుంది. డీబీ పాతబడిందని లాగ్‌లో వార్నింగ్ అయితే రాస్తుంది, చూసే నాథుడుండాలి. రెండు ఫైళ్లకీ పర్మిషన్ 600 (ఓనరు తప్ప ఎవరూ చదవలేరు) పెట్టండి, పాస్‌వర్డ్ అందులో తెరిచిన పుస్తకంలా ఉంటుంది. ప్రొవైడర్ 465 పోర్టు ఇస్తే ఎస్ఎంటీపీ_టీఎల్ఎస్_ర్యాపర్‌మోడ్‌ని (మొదటి మాట నుంచే ఎన్‌క్రిప్షన్) 'యెస్' చేయాలి, లేకపోతే ఇద్దరూ ఒకరి మాట కోసం ఒకరు ఎదురు చూస్తూ కూర్చుంటారు.

ఇప్పుడు దెబ్బలాడాల్సిన విషయం. సెట్టింగ్ పేరు తప్పు రాస్తే పోస్ట్‌ఫిక్స్ ఆగదు. రెండో సర్వర్ పెట్టినప్పుడు రిలే, హోస్ట్ మధ్య అండర్‌స్కోర్ పెట్టేశాను. మిగతా సెట్టింగులు చాలావాటికి అండర్‌స్కోర్ ఉంటుంది మరి, దీనికి ఉండదు. సర్వీసు చక్కగా స్టార్టయింది. రిలేహోస్ట్ లేనట్టే లెక్క కాబట్టి ప్రతి మెయిల్‌నీ నేరుగా గ్రహీత సర్వర్‌కే మోసుకెళ్లబోయింది. సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునేది 25వ పోర్టులో, మా నెట్‌వర్క్‌లో బయటికి అది మూసేసి ఉంటుంది. లాగ్ నిండా కనెక్షన్ టైమౌట్. నేను ఫైర్‌వాల్ మీద పడ్డాను, నెట్‌వర్క్ చూసే అబ్బాయి మీద కూడా పడ్డాను. చివరికి పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ కొడితే చివర్న ఒక వార్నింగ్: 'అన్‌యూజ్డ్ పారామీటర్', పక్కనే నా అండర్‌స్కోర్. ఇంత తెలిసిన ప్రోగ్రామ్ ఆ ముక్క స్టార్ట్ అయ్యేటప్పుడే మొహాన కొట్టినట్టు చెప్పొచ్చుగా! ఆ అబ్బాయికి సారీ చెప్పాను. అప్పటి నుంచి ఏది మార్చినా -ఎన్ కొట్టకుండా రీలోడ్ చేయను.

ఖాళీలతో కూడా జాగ్రత్త. మెయిన్.సీఎఫ్‌లో లైను మొదట్లో స్పేస్ ఉంటే అది పై లైనుకి కొనసాగింపు. విలువ రాసిన లైన్లోనే చివర హ్యాష్ పెట్టి కామెంట్ రాస్తే ఆ కామెంట్ కూడా విలువలో భాగమే. చేత్తో ఎడిట్ చేసే అలవాటున్నవాళ్లు వీటిలో ఏదో ఒకదానికి బలవుతారు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆడించింది ఒక చుక్క. బ్యాకప్ రిపోర్టులో ఏయే ఫైళ్లు చేరాయో జాబితా ఉంటుంది. ఫైండ్ కమాండ్ నడిపి, వచ్చిందాన్ని సెండ్‌మెయిల్‌లోకి పంపేవాణ్ణి. మెయిల్ వచ్చేది, సబ్జెక్ట్ ఉండేది, లోపల ఏమీ ఉండేది కాదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో 'సెంట్' అనే ఉంది. ఫైండ్‌నే అనుమానించి ఫైల్లోకి రాయించాను, అక్కడ నాలుగు వందల లైన్లు లక్షణంగా ఉన్నాయి. ఫైలు పైనుంచి చదువుతుంటే అప్పుడు కనబడింది. మొదటి లైన్లో ఉన్నది ఒక్క చుక్క. ఉన్న డైరెక్టరీ నుంచి మొదలుపెట్టమంటే ఫైండ్ ముందు ఆ చుక్కనే రాస్తుంది. ఒక లైన్లో చుక్క ఒక్కటే ఉంటే 'ఉత్తరం అయిపోయింది' అని సెండ్‌మెయిల్ సంప్రదాయం, పోస్ట్‌ఫిక్స్ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. సెండ్‌మెయిల్ కమాండ్‌కి -ఐ అని ఒక్క అక్షరం చేర్చితే చుక్కను మామూలు చుక్కగానే చూస్తుంది. స్క్రిప్టుల నుంచి పంపేవాళ్లు దీన్ని కళ్లు మూసుకుని పెట్టేసుకోండి.

అటాచ్‌మెంట్ల సంగతి క్లుప్తంగా: మెసేజ్ పరిమితి డిఫాల్ట్‌గా 1,02,40,000 బైట్లు. అటాచ్‌మెంట్ మెయిల్లోకి ఎక్కేటప్పుడు మూడో వంతు ఉబ్బుతుంది, కాబట్టి 8 ఎంబీ ఫైలే పట్టదు.

లాగ్ గురించి మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. ప్రతి డెలివరీకీ ఒక్క లైను. అందులో డిలేస్ అని నాలుగు అంకెలు, మధ్యలో గీతలు. మొదటిది క్యూ మేనేజర్ చేతికి రాకముందు గడిచిన సమయం, రెండోది దాని దగ్గర గడిచింది, మూడోది కనెక్షన్ కుదరడానికి పట్టింది, డీఎన్ఎస్ టీఎల్ఎస్ అన్నీ కలిపి, నాలుగోది మెయిల్ అందించడానికి పట్టింది. ఒకసారి పాస్‌వర్డ్ లింకులు ఆలస్యంగా వస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. లాగ్ చూస్తే మూడో అంకె పది దాటుతోంది, మిగతా మూడూ సున్నా పాయింట్ ఏదో. తప్పు మెయిల్‌ది కాదని అక్కడే తేలిపోయింది. సర్వర్ల పేర్లకు అడ్రసులు ఎవరిని అడగాలో చెప్పే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్లో మొదటి నేమ్‌సర్వర్ ఎప్పుడో పోయింది, ప్రతి ప్రశ్నకీ ఐదు సెకన్లు దాని కోసం కాచుకుని అప్పుడు రెండోదాన్ని అడుగుతోంది. ఆ లైను తీసేశాను, అయిపోయింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: లాగ్‌లో 'సెంట్' అంటే అవతలి సర్వర్ తీసుకుందని మాత్రమే. ఆ తర్వాత అది స్పామ్‌లో పడిందా అన్నది పోస్ట్‌ఫిక్స్‌కి తెలియదు, దాన్ని అడిగి లాభం లేదు.

క్యూ చూడటానికి మెయిల్‌క్యూ, లేదా పోస్ట్‌క్యూ -పీ, రెండూ ఒకటే. ఐడీ, సైజు, వచ్చిన టైము, ఎందుకు ఆగిందో బ్రాకెట్లో కారణం. లోపల ఏముందో చూడాలంటే పోస్ట్‌క్యాట్ -క్యూ, పక్కన ఐడీ. ఇక పోస్ట్‌సూపర్ ఉందే, అది కత్తి. చిన్న హెచ్ ఇస్తే మెయిల్‌ని పట్టి ఉంచుతుంది, పెద్ద హెచ్ ఇస్తే వదులుతుంది. -డి ఇచ్చి పక్కన పెద్దక్షరాల్లో ఆల్ అంటే క్యూ మొత్తం ఊడ్చేస్తుంది, 'ఖాయమేనా' అని కూడా అడగదు. ఒక రాత్రి మానిటరింగ్ స్క్రిప్ట్ పిచ్చెత్తి వెయ్యికి పైగా అలర్టులు క్యూలో కుమ్మరించింది, వాటి మధ్యలో నిజమైన బిల్లులు. పోస్ట్‌క్యూ -జె అంటే ఒక్కో మెయిల్ ఒక్కో జేసాన్ లైనుగా వస్తుంది (3.1 వెర్షన్ నుంచి). పంపినవారి అడ్రస్ బట్టి జేక్యూతో (జేసాన్‌ని వడగట్టే కమాండ్) వడగట్టి, ఆ ఐడీలను పోస్ట్‌సూపర్ -డికి అందించాను. అలర్టులు పోయాయి, బిల్లులు మిగిలాయి. ఎంటర్ కొట్టే ముందు ఆ కమాండ్‌ని నాలుగుసార్లు చదువుకున్నాననుకోండి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు అండర్‌స్కోర్ కోసం కోయలేదు, డిలే_వార్నింగ్_టైమ్ కోసం కోశాను. మెయిల్ వెళ్లకపోతే పోస్ట్‌ఫిక్స్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మొదట ఐదు నిమిషాల ఎడంతో, పోనుపోను గంటకు కాస్త పైగా, ఇలా ఐదు రోజులు. మంచిదే. అయితే ఈ ఐదు రోజుల్లో పంపినవాడికి ఒక్క ముక్క చెప్పదు, ఎందుకంటే ఆ వార్నింగ్ డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఆపేసి ఉంటుంది. సోమవారం పంపిన బిల్లు వెళ్లలేదని శనివారం తెలిస్తే ఏం చేసుకోను? నేను దాన్ని నాలుగు గంటలు చేశాను, క్యూలో ఉండే గడువును ఐదు రోజుల నుంచి ఒక రోజుకి దించాను.

సొంత ల్యాప్‌టాప్ నుంచి ఎప్పుడో ఒక మెయిల్ పంపుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, ఎమ్ఎస్ఎంటీపీ లాంటి చిన్న ప్రోగ్రామ్ చాలు. నిద్రపోతున్నప్పుడు మెయిల్ పంపే సర్వర్ ఉన్నవాళ్లకే ఈ శ్రమ.

ఇది రాస్తూ ఒకసారి మెయిల్‌క్యూ కొట్టాను. ఒక్క బిల్లు ఉంది, పందొమ్మిది గంటలుగా. అవతలి వాళ్ల మెయిల్‌బాక్స్ నిండిపోయిందట. ఇంకో ఐదు గంటల్లో గడువు తీరి నాకే తిరిగొస్తుంది, ఈలోగా వాళ్లకి ఫోన్ చేసి చెప్పాలి.