తొమ్మిది సీట్ల అద్దె వ్యాన్‌లో ఆల్ప్స్ సరస్సుల గ్రామాలు: ఒక సమీక్ష

మ్యూనిక్ విమానాశ్రయంలో వ్యాన్ తీసుకొని, జర్మనీలోని కోనిగ్‌సే, ఆస్ట్రియాలోని వోల్ఫ్‌గాంగ్‌సే, హాల్‌స్టాట్, స్లొవేనియాలోని బ్లెడ్, బోహిన్ సరస్సులు చూసుకొని, మళ్లీ మ్యూనిక్‌లోనే బండి అప్పగించడం మా ప్రణాళిక. ఇందుకోసం ఒక అద్దె సంస్థ నుంచి మేము తీసుకున్న తొమ్మిది సీట్ల వాహన సేవపై ఈ సమీక్ష రాస్తున్నాను. మేము ఏడుగురం, అందులో ఇద్దరు వయసు మళ్లినవారు, ఒక చిన్నపిల్ల. బండి చాలా బాగుంది, సేవ కూడా మొత్తం మీద మెచ్చుకోదగినదే. అయితే సంస్థ ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండే ‘తొమ్మిది మందికి’ అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టుగా తీసుకోకూడదు.

ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే విషయం సగం అర్థమవుతుంది. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల వరకు, 3,500 కిలోల మొత్తం బరువు వరకు ఉన్న వాహనాన్ని నడపవచ్చు. పదో సీటు చేరితే అది బస్సుల తరగతిలోకి వెళ్లి వేరే లైసెన్సు అడుగుతుంది. కాబట్టి అద్దె సంస్థలు చట్టం అనుమతించిన ఆఖరి సీటు వరకు అమర్చిన బండిని అద్దెకు పెడతాయి తప్ప, ఆ తొమ్మిది మంది పెట్టెలు ఎక్కడ పడతాయన్నది వాటి లెక్కలో ఉండదు. మాకు ఇచ్చిన బండిలో మూడు వరుసలు, వరుసకు మూడు సీట్లు. చివరి వరుసకు, వెనుక తలుపుకు మధ్య ఉన్న చోటులో నాలుగు పెద్ద సూట్‌కేసులు నిలువుగా పట్టాయి. వాటిపైన చేతిసంచులు పేర్చేసరికి వెనుక అద్దం పూర్తిగా మూసుకుపోయింది. ఏటవాలు రోడ్డు మీద ఆపి ఆ తలుపు తెరిచినప్పుడల్లా పైనున్న సంచి మొదట మన ఛాతీ మీదికి, తరువాత నేల మీదికి వస్తుంది. ఏడుగురం కావడం వల్ల ఖాళీగా ఉన్న రెండు సీట్లను సామాను కోసం వాడుకొని గట్టెక్కాము. ఎనిమిది మంది అయితే ఒక్కొక్కరికి ఒక చిన్న సంచి అన్న నియమం పెట్టుకోక తప్పదు, తొమ్మిది మంది అయితే రెండు కార్లు తీసుకోవడమే మేలు. మూడో వరుసలో మోకాళ్లకు చోటు తక్కువ. మా పిన్ని మొదటి మజిలీలోనే ముందు వరుసకు మారిపోయి, తిరుగు ప్రయాణం దాకా ఆ సీటు వదలలేదు.

సేవలో నాకు నచ్చని ఘట్టం కౌంటరు దగ్గరే ఎదురైంది. ఈ సంస్థలు ఫలానా మోడల్ ఇస్తామని ఒప్పుకోవు, తరగతి మాత్రమే ఖాయం చేస్తాయి, బొమ్మ కింద ‘లేదా అదే తరహా వాహనం’ అని రాసి ఉంటుంది. మేము బుక్ చేసినది సుమారు రెండు మీటర్ల లోపు ఎత్తుండే రకం. కౌంటరులోని ఉద్యోగి ఎంతో ఉదారంగా, అదనపు రుసుము లేకుండానే, ఎత్తైన పైకప్పు ఉన్న పెద్ద వ్యాన్ ఇస్తానన్నాడు. చూడటానికి అది వరంలాగే ఉంటుంది, ఎందుకంటే లోపల దాదాపు నిలబడి నడవవచ్చు. కాని ఆల్ప్స్ ప్రాంతంలో పాత హోటళ్ల భూగర్భ గ్యారేజీల ముందు, పట్టణాల పార్కింగ్ భవనాల ముందు ఎత్తు హద్దు చూపే అడ్డకమ్మీ ఉంటుంది, దాని మీద చాలాచోట్ల రెండు మీటర్లో, అంతకు కాస్త ఎక్కువో రాసి ఉంటుంది. మా బసలో కూడా అదే పరిస్థితి. ఆ ఉచిత వరాన్ని వద్దనుకొని, బుక్ చేసిన రకమే కావాలని పట్టుబట్టితే, కడిగి సిద్ధం చేయాలంటూ చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి ఇచ్చారు, క్షమాపణ కూడా చెప్పారు. బుకింగ్ సమయంలోనే వాహనం గరిష్ఠ ఎత్తు ఎంతకు మించకూడదో రాతపూర్వకంగా అడిగి తీసుకుంటే ఈ వాదన ఉండదు.

ఎత్తు సమస్య గ్యారేజీలతోనే ఆగదు. స్లొవేనియా మోటారు మార్గాల మీద ఎలక్ట్రానిక్ విన్యెట్, అంటే నిర్ణీత కాలానికి ముందే కొనుక్కునే టోల్ అనుమతి, తప్పనిసరి. 3,500 కిలోల లోపు వాహనాలను 2ఏ, 2బి అని రెండుగా విడదీశారు. ముందు ఇరుసుకు సరిగ్గా పైన కొలిచినప్పుడు వాహనం ఎత్తు 1.30 మీటర్లు లేదా అంతకు మించితే అది 2బి కిందికి వస్తుంది, ఆ విన్యెట్ ధర దాదాపు రెట్టింపు. ఒకే తరహాగా కనిపించే రెండు వ్యాన్లు ముందుభాగం వాలును బట్టి వేర్వేరు తరగతుల్లోకి వెళ్లవచ్చు కనుక, తాళం తీసుకునేటప్పుడే తరగతి ఏదని సంస్థను అడగాలి. మా ఉద్యోగికి ఈ ప్రశ్న కొత్తది కాదు, వెంటనే జాబితా తీసి చూపించాడు. కౌంటరు దగ్గర మర్యాదగా జరిగిన పనుల్లో అదొకటి.

ఆస్ట్రియా విన్యెట్ సంగతి కాస్త వేరు. డిజిటల్ విన్యెట్ బండి నంబరుకు ముడిపడి ఉంటుంది, అద్దె బండి నంబరేమో తాళం చేతికొచ్చే దాకా తెలియదు. అందువల్ల ముందుగానే అన్నీ కొనిపెట్టుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. సరిహద్దుకు ముందున్న పెట్రోలు బంకులో కొనుక్కోవడం తేలిక. జర్మనీలో కార్లకు, ఈ తరహా వ్యాన్లకు మోటారు మార్గాల మీద టోల్ లేదు. ఆస్ట్రియాలో విన్యెట్ ఉన్నా సరిపోని చోట్లు కొన్ని ఉన్నాయి: సాల్జ్‌బర్గ్ నుంచి దక్షిణానికి దిగే టావర్న్ మోటారు మార్గంలో టావర్న్, కాట్ష్‌బెర్గ్ సొరంగాలకు ప్రత్యేక టోల్ ఉంది, స్లొవేనియాలోకి దారితీసే కరవాంకెన్ సొరంగానికి మరొకటి. విన్యెట్ లేకుండా దొరికిపోతే వందకు పైగా యూరోలు కట్టాలి. ఆ నోటీసు మొదట బండి యజమాని అయిన అద్దె సంస్థకు వెళుతుంది, మన చిరునామాను అధికారులకు అందించినందుకు సంస్థ తన రుసుమును కూడా మన కార్డు మీద వేస్తుంది. ఒప్పందంలో ఆ రుసుము ఎంతో రాసి ఉంటుంది, చదవండి. ఏ దేశాల్లోకి బండిని తీసుకువెళ్లవచ్చో కూడా అందులోనే ఉంటుంది. మా ఒప్పందంలో స్లొవేనియా పేరు విడిగా చేర్పించుకోవలసి వచ్చింది.

బండి నడక గురించి ఫిర్యాదు లేదు. డీజిల్ ఇంజను, ఆటోమేటిక్ గేరు. ఏడుగురితో, పెట్టెలతో గొసావ్ మీదుగా గ్షూట్ కనుమ ఎక్కేటప్పుడు కూడా ఆయాసపడలేదు. దిగేటప్పుడు గేరును మాన్యువల్ పద్ధతిలోకి మార్చి, తక్కువ గేరులో ఇంజను చేతనే వేగాన్ని పట్టి ఉంచాలి. ఇంత బరువుతో బ్రేకు పెడలు మీదే ఆధారపడితే బ్రేకులు వేడెక్కుతాయి. ఐదు మీటర్లు దాటిన పొడవు రోడ్డు మీద తెలియదు, పార్కింగ్ గీతల మధ్య తెలుస్తుంది. పిల్లల సీటు అడిగినట్టే బిగించి ఉంచారు. జర్మనీలో 12 ఏళ్లలోపు వయసు, 150 సెంటీమీటర్ల లోపు ఎత్తు ఉన్న పిల్లలకు అది తప్పనిసరి.

అసలు ప్రశ్న ఏమిటంటే, సరస్సు ఒడ్డు గ్రామాల్లో వ్యాన్ వల్ల ఉపయోగం ఎంత? గ్రామానికి, గ్రామానికి మధ్య దానికి సాటి లేదు. గ్రామంలో అడుగుపెట్టాక మాత్రం అది మోయవలసిన బరువు. కోనిగ్‌సే వద్ద రోడ్డు షోనావ్ ఊరి దగ్గర, పెద్ద రుసుము పార్కింగ్‌తో ముగిసిపోతుంది. సరస్సు చుట్టూ నిటారు కొండలే తప్ప దారి లేదు కాబట్టి సెయింట్ బార్తొలొమే ప్రార్థనాలయానికి పడవలోనే వెళ్లాలి. నీరు మలినం కాకుండా అక్కడ 1909 నుంచి విద్యుత్ పడవలే నడుస్తున్నాయి. మధ్యలో ఇంజను ఆపి, పడవవాడు బాకా ఊది, ఎదుటి కొండ నుంచి ప్రతిధ్వని వినిపిస్తాడు. వోల్ఫ్‌గాంగ్‌సే మీద కూడా బండిని సెయింట్ గిల్గెన్ పార్కింగ్‌లో వదిలి, సెయింట్ వోల్ఫ్‌గాంగ్‌కు పడవలో చేరడమే సుఖం. అక్కడి చర్చిలో 1481లో పూర్తయిన మిఖాయెల్ పాఖర్ చెక్కిన బలిపీఠం చూడదగినది, 1893 నుంచి నడుస్తున్న షాఫ్‌బెర్గ్ పళ్లచక్రాల రైలు అదే ఊరి నుంచి 1,783 మీటర్ల శిఖరం దాకా తీసుకువెళుతుంది.

హాల్‌స్టాట్ దగ్గర ఈ సూత్రం ఇంకా కచ్చితంగా వర్తిస్తుంది. జనాభా ఎనిమిది వందలకు మించని ఆ ఊరు కొండకు, నీటికి మధ్య ఒక సన్నని అంచు మీద ఉంది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ప్రాంతంలో భాగం. పగటిపూట సందర్శకుల వాహనాలను ఊరి నడుమకు రానివ్వరు, బయట ఉన్న పార్కింగ్‌లు వేసవిలో ఉదయమే నిండిపోతాయి. మేము వ్యాన్‌ను దగ్గర్లోని బాడ్ గొయిసెర్న్ ఊరిలోనే ఉంచి రైలెక్కాము. హాల్‌స్టాట్ స్టేషన్ సరస్సుకు ఊరి ఎదుటి ఒడ్డున ఉంటుంది, రైలు వేళకు పడవ సిద్ధంగా ఉంటుంది, ఊరు మొత్తం ముందు నీటి మీది నుంచే కనిపిస్తుంది. కాకపోతే చివరి పడవ సాయంత్రమే వెళ్లిపోతుంది కనుక రాత్రి భోజనం అక్కడే అనుకునేవారు ముందు సమయాల పట్టిక చూసుకోవాలి.

బ్లెడ్‌లో మాత్రం వ్యాన్ తన విలువ నిలబెట్టుకుంది. మోటారు పడవలు నిషేధించిన ఆ సరస్సులో ప్లెట్నా అనే గుడ్డ పైకప్పు చెక్క పడవను ఒకరే నిలబడి తెడ్లతో నడుపుతారు. దీవి మీద దిగాక చర్చికి 99 మెట్లు. మా పెద్దవాళ్లు ఆ మెట్లను చూసి ఒడ్డునే ఉండిపోయారు. అదే మధ్యాహ్నం వారిని కూర్చోబెట్టుకొని త్రిగ్లావ్ జాతీయ వనంలో ఉన్న బోహిన్‌కు వెళ్లడానికి సొంత బండి ఉండటం ఎంత మేలో అప్పుడు తెలిసింది. బోహిన్ ఒడ్డున నీటి పక్కనే చదునైన దారి ఉంది, జనం తక్కువ, నా దృష్టిలో బ్లెడ్ కన్నా అందమైనది కూడా.

ప్రయాణం మధ్యలో డాష్‌బోర్డు మీద పసుపు రంగులో యాడ్‌బ్లూ హెచ్చరిక వెలిగింది. డీజిల్ పొగను శుద్ధి చేసే ఈ ద్రవం పూర్తిగా అయిపోతే, ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ స్టార్టు కాదు. నిండు ట్యాంకుతో ఇచ్చామని చెప్పిన సంస్థ దీని సంగతి చెప్పలేదు. సహాయ నంబరుకు ఫోను చేస్తే వెంటనే పలికారు, బంకులో కొని పోయించి రసీదు దాచుకోమన్నారు, డీజిల్ మూత పక్కనే ఉన్న నీలం మూత ఎలా తెరవాలో ఓపికగా వివరించారు. ఆ డబ్బు తుది బిల్లులో అడగకుండానే తగ్గించారు.

అప్పగింత సాఫీగా సాగింది. బండి చుట్టూ తిరిగి చూసిన ఉద్యోగి పక్క తలుపు కింది అంచు మీద గీత చూపించాడు, తీసుకునే రోజు ఫోనులో తీసిన ఫొటో చూపగానే మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. రెండో డ్రైవరుకు రోజువారీ రుసుము, దేశం దాటినందుకు రుసుము ముందు చెప్పినంతే పడ్డాయి. బీమా విషయంలో ఒక్క మాట: పూర్తి రక్షణ తీసుకున్నా టైర్లు, అద్దాలు, పైకప్పు, అడుగుభాగం దానిలోకి వస్తాయో రావో ఒప్పందంలో వెతకాలి, ఎత్తు హద్దు కమ్మీలు తగిలేది ఆ పైకప్పుకే. డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డులో ఆపి ఉంచిన డిపాజిట్ కొంత ఆలస్యంగానైనా మొత్తం విడుదలైంది. ఆరేడుగురున్న కుటుంబానికి ఇదే సంస్థను, ఇదే తరగతిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. తొమ్మిది మంది ఉన్న బృందం అడిగితే మాత్రం సూచించను.