ఐదున్నరేళ్ళు పిల్లల పాటలు విన్నాక: మా ఇంట్లో మిగిలినవి, పోయినవి

రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్దుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. మా ఆయన వచ్చి, "ఇంక ఆ సొరచేపని పడుకోనిస్తావా?" అన్నాడు. పావుగంట నుంచి నేను పాడుతున్నది 'బేబీ షార్క్' అని అప్పుడు గానీ నాకు తెలియలేదు. పాట పెట్టమని ఏడ్చే మనిషి నిద్రపోయి గంటన్నర అయింది.

మా పెద్దదానికి అప్పుడు ఏడాదిన్నర. ఆ పాట మీద నాకు కోపమేం లేదు. ఆ తర్వాత 2022 జనవరిలో యూట్యూబ్‌లో వెయ్యి కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అదే. ఊరికే దాటదు. చరణానికొక ఇంటిమనిషి, చేత్తో చేసే ఒక సైగ, నోరు తిరగని పిల్లలు కూడా పట్టుకోగల "డుడు". పిల్లల వైపు నుంచి చూస్తే లెక్క సరిగ్గా కుదిరిన పాట. ఇబ్బందల్లా నాకే. రెండోసారి వినేసరికి అందులో కొత్తగా వినడానికి ఏమీ మిగల్లేదు. మా పెద్దదేమో రోజుకి ఇరవైసార్లు పెట్టమనేది.

ఆ రాత్రి నుంచి లెక్కేస్తే ఐదున్నరేళ్ళు. పెద్దదానికి ఏడు నిండాయి, మధ్యలో పుట్టిన చిన్నోడికి మూడున్నర. ఈ కాలమంతా పిల్లలకీ నచ్చాలి, నాకూ విసుగు రాకూడదు అని వెతుకుతూ చాలానే విన్నాం. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. ఏది నచ్చిందో చెప్పగలను, ఎందుకు నచ్చిందో చాలాసార్లు వందోసారి విన్నాకే తెలిసింది.

మొదట కొన్నది పసిపిల్లల కోసం మొజార్ట్ అని ఉన్న ఒక ఆల్బమ్. బుర్ర పెరుగుతుందని అట్ట మీదే రాశారు. ఆ మాటకి మూలం 1993లో వచ్చిన ఒక పరిశోధన. తీరా చదివితే, అందులో పాల్గొన్నవాళ్ళు కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మొజార్ట్ రెండు పియానోల సొనాటా వినిపించాక, ఆకారాలను మనసులో మడిచి విప్పే తరహా పరీక్షల్లో వాళ్ళకి కాస్త ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ ప్రభావం పావుగంటలోపే పోయింది. పసిపిల్లల ఊసే లేదు. సరే, బుర్ర సంగతి వదిలేద్దాం, సంగీతమైనా బాగుందా అంటే అదీ లేదు. మొదటి నుంచి చివరిదాకా కీబోర్డ్ మీద ఒకటే టింగు టింగు. ఏ స్వరమూ గట్టిగా ఉండదు, ఏదీ మెత్తగా ఉండదు, ఎక్కడా ఊపిరి తీసుకోదు. మొజార్ట్‌ని తీసుకెళ్ళి కాలింగ్ బెల్‌లో పెట్టినట్టుంది. పెద్దది రెండు రోజులు కూడా వినలేదు.

తర్వాత ఒక మ్యూజిక్ యాప్‌లో పిల్లల ప్లేలిస్టుల మీద పడ్డాను. అదింకో తలనొప్పి. ఒకే డ్రమ్ లూపు మీద ఆవు పాట, బస్సు పాట, రంగుల పాట. గొంతు కూడా మనిషి గొంతులా ఉండదు, తేనె పూసిన ఈల. మనం వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి ఆటోప్లే ఎక్కడికో తీసుకెళ్ళిపోతుంది. ఆ గొడవ ఇంతటితో చాలు.

అసలు మలుపు అనుకోకుండా వచ్చింది. కామీ సాంసాన్స్ అనే ఫ్రెంచి స్వరకర్త 1886లో రాసిన 'కార్నివాల్ ఆఫ్ ది యానిమల్స్'. మొత్తం పద్నాలుగు ముక్కలు, అన్నీ కలిపినా అరగంట లోపే. మాటలుండవు. సింహం, కోళ్ళు, తాబేళ్ళు, ఏనుగు, కంగారూ ఇలా ఒక్కోదానికీ ఒక్కో చిన్న బాణీ. పెద్దదానికి రెండున్నరేళ్ళప్పుడు పెట్టాను. తాబేళ్ళ ముక్క రాగానే అది నేల మీద బోర్లా పడుకుని, దిండొకటి వీపు మీదేసుకుని, మోచేతులతో జరగడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఆ ముక్క అంత నెమ్మది మరి.

నాలుగైదు వారాలు పోయాక ఒకరోజు మా ఆయన పేపరు పక్కన పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఇది క్యాన్ క్యాన్ డాన్సు కదే!" అన్నాడు. నిజమే. ఆఫెన్‌బాక్ అనే ఇంకో స్వరకర్త రాసిన ఆ వరసకి ఆడవాళ్ళు గౌన్లు ఎత్తిపట్టుకుని కాళ్ళు ఎగరేసి గంతులేస్తారు. దాన్నే తీసుకుని నత్తనడకలో వాయించి తాబేళ్ళు అని పేరు పెట్టాడు సాంసాన్స్. నెల రోజులు ఎదురుగా మోగుతున్నా మా ఇద్దరికీ తట్టలేదు. అసలు క్యాన్ క్యాన్ వెతికి పెట్టి పెద్దదానికి వినిపిస్తే, "తాబేలుకి ఏమైంది?" అని కంగారుపడింది.

అప్పట్నుంచి మేమిద్దరం మిగతా ముక్కల మీద పడ్డాం. ఏనుగు కోసం డబుల్ బేస్ (వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్ద, బొంగురు వాయిద్యం) వాయించే వరసలో బెర్లియోజ్ అనే స్వరకర్త రాసిన గాలికన్యల నాట్యం ఉంది. అసలు అది పువ్వులా తేలిగ్గా ఉండే బాణీ. శిలాజాలు అనే ముక్కలో సైలోఫోన్ టకటకమంటూ ఎముకలు కొట్టుకున్నట్టుంటుంది, అందులో సాంసాన్స్ తన పాత రచననే ఎత్తిపొడిచాడు. ఇక జంతువుల వరసలో పియానో వాయించేవాళ్ళని కూడా చేర్చి, తప్పులతడకగా సరళీ స్వరాలు సాధన చేస్తున్నట్టు రాశాడు. ఇంత తమాషాగా ఉంటే తన పరువేం కావాలి అనుకున్నాడో ఏమో, తను బతికుండగా హంస ముక్క తప్ప మిగతావి అచ్చు వేయనివ్వలేదు. 1921లో పోయాడు, 1922లో మొత్తం అచ్చయింది. పిల్లలకి తాబేలు, మనకి క్యాన్ క్యాన్, ఒకే రెండు నిమిషాల్లో. పెద్దవాళ్ళ కోసమని పిల్లల పాటలో ఒక జోకు అతికించడం వేరు, ఇది వేరు. అతికించిన జోకు మూడోసారికి చచ్చిపోతుంది.

లోపం లేకపోలేదు. ఆర్కెస్ట్రా రికార్డింగులు ఏవైనా కార్లో పెద్ద ఇబ్బంది. అక్వేరియం ముక్క ఎంత సన్నగా ఉంటుందంటే ఇంజిన్ చప్పుడులో కలిసిపోతుంది. వినపడట్లేదని సౌండ్ పెంచితే, చివర్లో అన్ని వాయిద్యాలూ ఒక్కసారి మీద పడి చిన్నోడు ఉలిక్కిపడతాడు. ఇంట్లో వినాల్సిన సంగీతం ఇది.

అదే ఊపులో రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో రాసిన 'పీటర్ అండ్ ది వుల్ఫ్' మొదలుపెట్టాం. మాస్కోలో పిల్లల నాటకశాల కోసం రాసింది. ఇందులో ఒక్కో పాత్రకి ఒక్కో వాయిద్యం: పిట్టకి ఫ్లూటు, బాతుకి ఓబో, పిల్లికి క్లారినెట్, తాతకి బసూన్, తోడేలుకి మూడు హార్న్‌లు. కథ చెప్పే గొంతు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి నేను మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పేదాన్ని. ఎంతోమంది కథకులతో రికార్డులున్నాయి. మాకు అలవాటైంది 1978లో ఇంగ్లీషు రాక్ గాయకుడు డేవిడ్ బోవీ చెప్పినది. ఆర్భాటం లేకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. నటించేవాళ్ళని పదిసార్లు భరించలేం. ఆరేడు నెలల తర్వాత ఎక్కడో సినిమాలో ఓబో వినపడితే పెద్దది "అమ్మా, బాతు!" అంది. ఆ వయసులో నాకు ఓబో అనే వస్తువు ఉందని కూడా తెలియదు.

అయితే ఒక హెచ్చరిక. తోడేలు బాతుని మింగేస్తుంది. కథ చివర్లో తోడేలు కడుపులోంచి బాతు పాట సన్నగా వినపడుతుంది. పెద్దది దాన్ని "పొట్టలో దాక్కుంది" అని సర్దుకుంది. చిన్నోడు అలా కాదు. మొదటిసారి విన్న రోజు గంటసేపు ఏడ్చాడు. ఇప్పటికీ హార్న్‌లు మొదలవగానే పరిగెత్తుకొచ్చి స్పీకర్ ఆపేస్తాడు. మెత్తటి మనసున్న పిల్లలకి నాలుగేళ్ళ దాకా ఆగడమే మేలని నా లెక్క.

ఎల్లా జెంకిన్స్ పాటలు మా ఇంటికి ఆలస్యంగా వచ్చాయి. అమెరికాలో పిల్లల సంగీతానికి పెద్ద దిక్కు ఆవిడ. 1924లో పుట్టి నూరేళ్ళు నిండాక 2024 నవంబరులో పోయారు. 1966లో వచ్చిన 'యూ విల్ సింగ్ ఎ సాంగ్ అండ్ ఐ విల్ సింగ్ ఎ సాంగ్' అనే ఆల్బమ్‌ని 2007లో అక్కడి జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చారు. మొదటిసారి విన్నప్పుడు నాకేం అనిపించలేదు, నిజం చెప్పాలంటే కాస్త చప్పగా ఉందనుకున్నాను. వాయిద్యాలు తక్కువ, హడావిడి లేదు. ఆవిడ ఒక ముక్క పాడి ఆగుతుంది, పిల్లల బృందం తిరిగి పాడుతుంది. అంతే.

కిటుకంతా ఆ ఆగడంలో ఉందని తర్వాత తెలిసింది. మిగతా పిల్లల పాటల్లో పిల్లలు నోరు తెరిచేలోపు తర్వాతి వాక్యం వచ్చేస్తుంది. ఇక్కడ మనకి చోటుంటుంది. భాష రాకపోయినా చిన్నోడు విన్న శబ్దాన్ని విన్నట్టు తిరిగి అనేస్తాడు. ఇవి కూర్చుని వినే పాటలు కావు, మనం కూడా పాడితేనే బాగుంటాయి. స్నానాలప్పుడు, బూట్లు వేసుకునేటప్పుడు ఇప్పుడు మేం స్పీకర్ లేకుండానే ఆ పద్ధతిలో పాడుకుంటున్నాం. మాటలు మావే, "చెయ్యెక్కడ?" అంటే "ఇక్కడ!" లాంటివి.

దే మైట్ బి జెయింట్స్ అనే రాక్ బ్యాండు పిల్లల ఆల్బమ్‌లలో మాకు బాగా నచ్చింది 2009లో వచ్చిన 'హియర్ కమ్స్ సైన్స్'. ఇది నాకూ పెద్దదానికీ, ఎక్కువగా నాకు. 1959 నాటి ఒక పాత సైన్సు పాటని వాళ్ళు మళ్ళీ పాడారు. సూర్యుడంటే మండే వాయువు ముద్ద అని అందులో ఉంటుంది. వెంటనే తర్వాతి పాటలో, అది తప్పు, సూర్యుడు వాయువు కాదు ప్లాస్మా అని తమ పాటని తామే దిద్దుకుంటారు. పిల్లల ఆల్బమ్‌లో ఇలాంటిది నేనింకెక్కడా వినలేదు. డ్రమ్స్, గిటారు కూడా పెద్దవాళ్ళ ఆల్బమ్‌లో ఉన్నంత గట్టిగానే ఉంటాయి. చిక్కల్లా ఇంగ్లీషు మాటల వేగం. పెద్దదానికి ఆరేళ్ళు వచ్చాక గానీ సగం అర్థం కాలేదు. చిన్నోడికి అస్సలు పట్టలేదు.

ఇక పిల్లల సంగీతం అని పేరు లేనివి. మొదట్లో ఇటువైపు రావడానికి భయపడ్డాను, పిల్లలకి సులువైనవే ఎక్కుతాయని. 2005లో ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే పరిశోధకులు చేసిన పని గురించి చదివాక ఆ భయం పోయింది. బాల్కన్ జానపద సంగీతంలో మన మిశ్రచాపులా ఏడు దెబ్బల నడకలుంటాయి. ఉత్తర అమెరికాలో పెరుగుతున్న ఆరు నెలల పాపలు కూడా ఆ నడక తప్పితే గుర్తుపట్టారు. ఏడాది నిండినవాళ్ళు పట్టలేకపోయారు, అప్పటికే చుట్టూ వినపడే నాలుగు దెబ్బల తాళాలకి చెవి అలవాటుపడిపోయింది. ఇంట్లో రెండు వారాలు రోజూ వినిపించాక వాళ్ళు కూడా పట్టేశారు. అంటే పిల్లలకి కష్టమని మనం దాచిపెట్టేది వాళ్ళకి అసలు కష్టమే కాదు.

మా మెట్లు ఒక వరసకి సరిగ్గా ఏడు. "తకిట తకధిమి" అంటూ ఎక్కడం మొదలుపెట్టాం. "మి" దగ్గర పైమెట్టు మీద ఉండాలి, కాలు తప్పితే మళ్ళీ కింద నుంచి. చిన్నోడు ఇప్పుడు నాకన్నా నికరంగా ఎక్కుతాడు. దానికి తోడు మృదంగం, తబలా తని వాయింపులు (పాట లేకుండా అవొక్కటే మోగేవి) పెడితే ఇద్దరూ ఇరవై నిమిషాలు గిన్నెలు బాదుతారు. (ఆ ఇరవై నిమిషాలు సంగీతం బాగున్నట్టే గానీ చెవులకి విశ్రాంతి అని చెప్పలేను.) ముత్తుస్వామి దీక్షితర్ నోటు స్వరాలు కూడా ఇలాగే దొరికాయి. ఆయన కాలంలో ఇంగ్లీషు బ్యాండువాళ్ళు వాయించే పాశ్చాత్య బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టారాయన, సుమారు నలభై ఉన్నాయి. స్వరాన్ని ఊపే గమకాల బరువు లేదు, శంకరాభరణంలో నిటారుగా నడుస్తాయి, పిల్లల గొంతుకి అందుతాయి. వాటిలో ఒకదాని వరస ఏమిటా అని చూస్తే ఇంగ్లండు రాజుగారి జాతీయగీతం! క్యాన్ క్యాన్ నవ్వు మళ్ళీ నవ్వాం.

వినే పద్ధతిలో మేం మార్చింది ఒక్కటే. తెర తీసేశాం. బొమ్మ కదులుతుంటే పాట ఎలా ఉన్నా నడిచిపోతుంది. వీడియో లేకుండా పెట్టి చూస్తే, మా దగ్గరున్న వాటిలో మూడొంతులు పిల్లలే వద్దన్నారు. చిన్న స్పీకర్ అలమరా మీద పెట్టాం. ఇయర్‌ఫోన్స్ ఇవ్వలేదు. ఎప్పుడైనా ఇవ్వాల్సి వస్తే గుర్తుండాలని ఒక సంగతి రాసిపెట్టుకున్నాను: ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్. పెద్దవాళ్ళకి 80.

ఈ మధ్య పెద్దది తన పాటలు తనే ఎంచుకుంటోంది. నాకు నచ్చనివే ఎక్కువ. నిన్న కార్లో దాని పాట మూడోసారి అయ్యాక చిన్నోడు వెనక సీట్లోంచి "తాబేలు" అన్నాడు. ఇది "ఇంకోసారి నాదే" అంది. పంచాయితీ తేలేలోపు ఇల్లొచ్చింది.