ఏడాది చందా కట్టి చదివిన ఒక దినపత్రిక: వార్త రాసిన మనిషే కండువా కప్పుకున్నప్పుడు

2023 జూన్‌లో ఒక తెలుగు దినపత్రికకు ఏడాది చందా కట్టాను. ఆ పన్నెండు నెలల్లోనే శాసనసభ ఎన్నికలు, లోక్‌సభ ఎన్నికలు రెండూ జరిగాయి కనుక, ఒక పత్రిక నాణ్యతను అంచనా వేయడానికి అంతకంటె తగిన ఏడాది దొరకదు. పత్రిక పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క పత్రికకే పరిమితమైనదని నాకు అనిపించకపోవడమే అందుకు కారణం.

పంపిణీ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిక్కడపల్లిలోని మా ఇంటి గుమ్మంలో ఉదయం ఐదున్నరలోపే పేపరు ఉండేది, వాన పడే రోజుల్లో కవరులో పెట్టి మరీ వేసేవారు. అచ్చు శుభ్రంగా ఉంది. సాగు పేజీ, ఆదివారం అనుబంధం శ్రద్ధగా తీర్చిదిద్దినవి. సంపాదకీయాలతో ఏకీభవించని రోజుల్లో కూడా వాటిని చివరి వాక్యం దాకా చదివాను.

లోపమంతా హైదరాబాద్ అనుబంధంలో, మా ప్రాంతం వార్తలు వచ్చే పేజీలో ఉంది. 2023 నవంబరులో నామినేషన్లు వేస్తున్న రోజుల్లో ఒక అభ్యర్థి ర్యాలీ మా వీధి మీదుగా వెళ్లింది. ప్రచార వాహనం మీద, అభ్యర్థికి రెండు అడుగుల దూరంలో, మెడలో పార్టీ కండువాతో, చేతిలో మైకుతో నినాదాలు ఇప్పిస్తున్న యువకుడిని నేను గుర్తుపట్టాను. మా ప్రాంతం వార్తలు ఆ పత్రికకు రాసే కంట్రిబ్యూటర్ అతనే. మర్నాడు అదే పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త వచ్చింది. ‘జనసంద్రమైన’ వీధులు, ‘అడుగడుగునా నీరాజనాలు’, దాని కింద అతని పేరు. అదే రోజు అదే ప్రాంతంలో నామినేషన్ వేసిన మరో ఇద్దరు అభ్యర్థులకు కలిపి ఆరు పంక్తులు దక్కాయి. ర్యాలీలో జనం తక్కువేమీ లేరు, నేను కళ్లారా చూశాను, వార్తలో అబద్ధం ఉందని అనలేను. కానీ నినాదం ఇప్పించిన గొంతే నాకు వార్త చెబుతున్నదనే సంగతిని ఆ పేజీలో ఎక్కడా చెప్పలేదు.

పాత్రికేయులకు రాజకీయాలు ఉండకూడదని నేను అనడం లేదు. మన నేల మీద ఆ మాట అనడం చరిత్రకు అన్యాయం చేయడమే. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. పత్రికా సంపాదకుడిగా పేరు పొందిన నార్ల వెంకటేశ్వరరావు రాజ్యసభ సభ్యుడిగా ఉన్నారు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాసిన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో ఈ నగరంలోనే చంపేశారు. తెలంగాణ ఉద్యమంలో పాత్రికేయులు 2001లోనే ఫోరంగా ఏర్పడి ప్రత్యేక రాష్ట్రం కావాలని బాహాటంగా నిలబడ్డారు. ఉద్యమంలో ఉన్న పాత్రికేయుడు క్రాంతికిరణ్ 2018లో అందోలు నుంచి శాసనసభకు గెలిచారు. వీరిలో ఎవరితో ఏకీభవించినా, విభేదించినా, ఎవరు ఎటు నిలబడ్డారో పాఠకులకు తెలుసు. విశాలాంధ్ర, ప్రజాశక్తి ఏ పార్టీల పత్రికలో కొనేవారందరికీ తెలుసు, ఆ ఎరుకతోనే చదువుతారు. నా అభ్యంతరం దాపరికం మీదే. ఒకే మనిషి ఒకే వారంలో, ఒకే నియోజకవర్గంలో, ఒకే అభ్యర్థికి ప్రచారమూ చేసి, ఆ అభ్యర్థి గురించి వార్తా రాయడం మీద.

ఆకాశవాణిలో ప్రభుత్వోద్యోగిగా వార్తలు రాసేవారికి 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళి రాజకీయ పార్టీల్లో పాల్గొనడాన్ని నిషేధించింది. ప్రైవేటు పత్రికలో పనిచేసేవారికి అటువంటి చట్టం లేదు, ఉండాలని కూడా నేను కోరను. ఒక అభ్యర్థిని సమర్థించడానికి డబ్బు రూపంలోగాని, మరే రూపంలోగాని ప్రలోభానికి లొంగకూడదని ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, అయితే తప్పు జరిగితే మందలించడమే తప్ప శిక్షించే అధికారం కౌన్సిల్‌కు లేదు. 2009 ఎన్నికల తర్వాత డబ్బు తీసుకుని వార్తల్లా అచ్చువేసే ‘ప్యాకేజీ’ వార్తల మీద ఆ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతో పాటు విశాలాంధ్ర సంపాదకుడిగా పనిచేసిన కె. శ్రీనివాస్‌రెడ్డి ఉన్నారు. పత్రికల పేర్లతో సహా వారు 2010లో ఇచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ వెంటనే బయటపెట్టలేదు, 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన తర్వాతే అది ప్రజల ముందుకు వచ్చింది. పార్టీ పత్రికలో పనిచేసిన మనిషే అంత నిక్కచ్చిగా రాయగలిగాడన్న సంగతి నాకు ఎప్పుడూ ధైర్యాన్నిస్తుంది.

ర్యాలీ వార్త క్లిప్పింగు జతచేసి సంపాదకుడికి ఉత్తరం రాశాను. అది అచ్చు కాలేదు. వారం తర్వాత డెస్కు నుంచి ఒకరు ఫోన్ చేసి, చాలా మర్యాదగా, “సార్, అతను మా స్టాఫ్ కాదండీ, కంట్రిబ్యూటర్ మాత్రమే” అన్నారు. స్టాఫ్ కాని మనిషి రాసిన వార్త స్టాఫ్ వార్తల పక్కనే, అదే టైపులో, అదే ధరకు నాకు అందుతున్నప్పుడు ఆ తేడా నాకెలా తెలుస్తుందని అడిగాను. చూస్తామన్నారు.

ఆ యువకుడి తండ్రి నాకు పాత పరిచయం. కొద్దిరోజులకు మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఆ అబ్బాయే ఎదురుపడితే కోపం లేకుండానే అడిగాను. అతను తల వంచుకోలేదు. “అంకుల్, నాకు నెల జీతం లేదు. అంతా లైన్ అకౌంటే. పేపర్ల అచ్చయిన దాన్ని కొలిచి పైసలిస్తరు, అవి పెట్రోల్‌కు కూడా సరిపోవు. పండుగ పండుగకు యాడ్స్ టార్గెట్ పెడ్తరు. లీడర్ల వెంట తిరగకపోతే నాకు యాడ్ ఎవరిస్తరు?” అన్నాడు. ఇస్త్రీ చేస్తున్న పెద్దాయన బొగ్గుల పెట్టె పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ జవాబు చెప్పవలసింది పత్రిక యాజమాన్యం.

ఈ సేవలో అసలు లోపం ఇదేనని ఆ రోజు నాకు స్పష్టమైంది. వార్త తెచ్చే మనిషికే ప్రకటన తెచ్చే పని అప్పగించి, జీతం ఇవ్వకుండా, పాత్రికేయులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, అంటే అక్రిడిటేషన్ ఆశ చూపి వీధిలోకి పంపితే అతను ఎవరో ఒక నాయకుడి నీడకు చేరక తప్పదు. కండువా అతను కప్పుకున్నా, దానికి దారి చూపింది లెక్కల విభాగం. మా వీధిలో మ్యాన్‌హోల్ పొంగిపొర్లి మూడు వారాలు నడవలేకపోయినప్పుడు ఆ పేజీలో ఒక్క పంక్తి కూడా ఎందుకు రాలేదో కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఆ పనికి బాధ్యుడైన నాయకుడే దసరా శుభాకాంక్షల ప్రకటన ఇచ్చాడు.

నేను కోరేది చిన్న మార్పే. ఒక పార్టీ కోసం పనిచేస్తున్న విలేకరిని ఆ ఎన్నికలు ముగిసేదాకా ఆ పార్టీ వార్తలకు దూరంగా ఉంచాలి. అది కుదరకపోతే వార్త చివర ఆ సంగతి ఒక్క పంక్తిలో చెప్పాలి. ప్రకటనల సేకరణను వార్తలు రాసేవారి నుంచి పూర్తిగా తప్పించాలి. ఈ మూడింటిలో ఏదీ పత్రికను ముంచేంత ఖర్చు కాదు.

2024 జూన్‌లో చందా గడువు తీరింది. ఏజెంటు రసీదు పుస్తకం పట్టుకుని వచ్చి, “సార్, మళ్లా ఏడాదికే రాయాల్నా?” అని అడిగాడు. మూడు నెలలకే రాయమన్నాను. ఆదివారాలు నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి మిగతా పత్రికల్లో మా ప్రాంతం పేజీలను దీని పక్కన పెట్టి చదువుతున్నాను. ఐదు నక్షత్రాలకు గాను పంపిణీకి ఐదు, సాగు పేజీకి నాలుగు, మా ప్రాంతం పేజీకి ఒకటి ఇస్తున్నాను. ఆ ఒక్కటీ, నా ప్రశ్నకు దాపరికం లేకుండా బదులు చెప్పిన ఆ అబ్బాయికి.