దీపాలు వెలిగితే రేడియోకి చెవుడు: మూడేళ్ల తర్వాత మా యాట్ లైటింగ్ గురించి

మొదటి ఆరు నెలలూ ఈ లైట్లను మెచ్చుకోని రోజు లేదు. మా 42 మీటర్ల మోటార్ యాట్‌కి (విహార నౌక) మూడేళ్ల కిందట రీఫిట్‌లో, అంటే పడవని మళ్లీ కొత్తగా సర్దించినప్పుడు, ఆడియో, వీడియో, లైటింగ్ మూడూ కొత్తగా చేయించారు. నేను ఇందులో ఈటీఓని, అంటే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్‌ని. కరెంటు, రేడియోలు, నెట్‌వర్క్, టీవీలు, స్పీకర్లు అన్నీ నేనే చూసుకోవాలి. ఓనర్ కంటే, అతిథుల కంటే ఈ సామానుతో ఎక్కువ గంటలు గడిపేది నేనే కాబట్టి రాస్తున్నాను. ఏ కీప్యాడ్‌కి ఎన్ని బటన్లు, ఏ స్పీకర్ ఎన్ని వాట్లు అన్నవి బ్రోషర్లలోనే దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాల్సింది ముఖ్యంగా ఒక్క వరస దీపాల గురించి. ఫ్లైబ్రిడ్జ్ (అన్నిటికంటే పై డెక్) మీది హార్డ్‌టాప్ అనే గట్టి పైకప్పు అంచు చుట్టూ, లోపలివైపు గాడిలో దాచిపెట్టిన ఎల్‌ఈడీ స్ట్రిప్ అది.

అదెంత బావుంటుందో ముందు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. దీపం ఎక్కడుందో కంటికి ఆనదు, వెలుగు మాత్రమే తెలుస్తుంది. పొద్దు గుంకుతుండగా 'సాయంత్రం' అన్న బటన్ నొక్కితే పది సెకన్ల పాటు వెలుగు నెమ్మదిగా పైకప్పు మీద పాకుతుంది. తగ్గించే కొద్దీ రంగు కూడా తెలుపు నుంచి నూనె దీపం రంగులోకి దిగుతుంది. పాత హాలోజెన్లు తగ్గిస్తే వాటంతటవే అలా ఎర్రబారేవి. ఎల్‌ఈడీకి ఆ గుణం లేదు, వెచ్చటి చిప్పులూ చల్లటి చిప్పులూ పక్కపక్కన పెట్టి ఆ పని చేయిస్తారు. చేయించిన వాళ్లు చాలా బాగా చేశారు. వేరే పడవల్లో పనిచేసే స్నేహితులు అడిగితే "కళ్లు మూసుకుని పెట్టించుకోండి" అని చెప్పాను. ఇప్పుడెవరైనా అడిగితే ముందు నేనే వాళ్లని కొన్ని ప్రశ్నలు అడుగుతున్నాను.

ఏడో నెలలో జరిగిన సంగతి ఇది. సముద్రానికి తెరుచుకుని ఉన్న ఒక ఖాతంలో లంగరేసి ఉన్నాం. చీకటి పడింది, అలలు కాస్త లేస్తున్నాయి. అతిథుల్ని ఒడ్డున దించి టెండర్ (యాట్‌కి ఒడ్డుకి మధ్య తిరిగే చిన్న పడవ) ఖాళీగా తిరిగొస్తోంది, అందులో ఇద్దరు డెక్‌హ్యాండ్ కుర్రాళ్లు. నేను వెనక స్విమ్ ప్లాట్‌ఫాం మీద నీటి అడుగు లైటు ఒకటి చూస్తున్నాను. నడుముకున్న చేతి రేడియో, హ్యాండ్‌హెల్డ్ వీహెచ్‌ఎఫ్‌లోంచి ఒక్కసారి గొంతు వినబడింది. తెగిపోతూ వచ్చినా అందులోని కంగారు అర్థమైంది. టెండర్‌ని నడిపే నీటి జెట్‌లోకి తాడు పోయింది, ఇంజిన్ ఆగింది, కొట్టుకుపోతున్నాం, ఇది నాలుగోసారి పిలవడం. మేం పని మాటలకి వాడే 72వ ఛానెల్ అది. ఆ సమయంలో నేను ఇంజిన్ రూంలో ఉంటే ఆ నాలుగో పిలుపు కూడా ఎవరికీ అందేది కాదు.

పరుగున పడవ నడిపే గది, బ్రిడ్జ్‌లోకి వెళ్లాను. కాపలా డ్యూటీలో ఉన్న మేట్ (కెప్టెన్ కింది అధికారి) రేడియో ముందే కూర్చున్నాడు. "ఎవరూ పిలవలేదే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. 25 వాట్ల పెద్ద సెట్, ఛానెల్ సరిగ్గానే ఉంది, వాల్యూం ఉంది, శబ్దం లేదు. అంతకంటే నన్ను భయపెట్టిందేమిటంటే, అప్పటిదాకా మాట్లాడిన నా చేతిలోని హ్యాండ్‌హెల్డ్ కూడా బ్రిడ్జ్‌లోకి రాగానే మూగబోయింది. స్క్వెల్చ్ అంటే రొద వినబడకుండా ఆపే మీట, దాన్ని తెరిచి చూశాను. రేకుల కప్పు మీద వాన కురుస్తున్నంత రొద. "సాయంత్రం నుంచి ఒకటే బరబరమంటోంది, అందుకే స్క్వెల్చ్ పెంచాను" అన్నాడు మేట్. ఎవరైనా అదే చేస్తారు. రొద వినలేక స్క్వెల్చ్ పెంచితే రొదతో పాటు మనిషి గొంతు కూడా ఆగిపోతుంది, సెట్ మాత్రం ప్రశాంతంగా, ఏ లోపమూ లేనట్టు కనబడుతుంది. రెండో టెండర్ దించి వాళ్లని తెచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ ఇద్దరూ తడిసి వణుకుతూ ప్లాట్‌ఫాం ఎక్కిన తీరు నాకింకా కళ్లముందే ఉంది.

మర్నాడు పగలు రేడియో చక్కగా పనిచేసింది. ఏంటెనా దించాను, కేబుల్ కొలిచాను, కనెక్టర్ మార్చాను. ఏంటెనాకి శక్తి సరిగ్గా వెళ్తోందా అని చూసే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు తప్పేమీ చూపలేదు. రాత్రయ్యేసరికి మళ్లీ అదే రొద. రెండు రోజులు రేడియోనే తప్పుపట్టాను. మూడో సాయంత్రం స్క్వెల్చ్ తెరిచిపెట్టి బ్రిడ్జ్‌లో కూర్చుని ఉండగా పైన స్టీవార్డెస్ వచ్చి 'సాయంత్రం' బటన్ నొక్కింది. పది సెకన్ల పాటు కిటికీ అవతల వెలుగు పాకినట్టే స్పీకర్లో రొద కూడా పాకింది. రెండూ ఒకే వేగంతో పెరిగి ఒకేచోట ఆగాయి. ఆర్పమన్నాను. రొద ఆగింది. మళ్లీ వెలిగించమన్నాను, మళ్లీ వచ్చింది.

దీని వెనక మాయేమీ లేదు. ఎల్‌ఈడీ డ్రైవర్ అన్నది కరెంటును సెకనుకి లక్షలసార్లు తెంపి కలిపే పెట్టె. అంత పదునుగా తెంపినప్పుడు పుట్టే రేడియో ధూళి వీహెచ్‌ఎఫ్ దాకా ఎగబాకుతుంది. వెలుగు తగ్గించడానికి మళ్లీ పీడబ్ల్యూఎం (దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి) పేరుతో ఇంకో తెంపుడు తోడవుతుంది. మా దాంట్లో నిండు వెలుగులో రొద తక్కువ, 30, 40 శాతంలో, అంటే అందరికీ నచ్చే ఆ నూనె దీపం వెలుగులో, అన్నిటికంటే ఎక్కువ. ఇక ఆపద పిలుపుల కోసం అందరూ వినే 16వ ఛానెల్ ఉండేది 156.8 మెగాహెర్ట్జ్ మీద. ఆ తరంగంలో పావు పొడవు అర మీటరుకి కాస్త తక్కువ. డ్రైవర్ నుంచి స్ట్రిప్‌కి వెళ్లే తీగలు మా దగ్గర దాదాపు అంతే. అంటే ప్రతి తీగా ఒక ఏంటెనా. వాటికి మీటరు పైన, ఫైబర్‌గ్లాస్ అవతల, మా వీహెచ్‌ఎఫ్ ఏంటెనాలు. ఫైబర్‌గ్లాస్ వాననీళ్లను ఆపుతుంది గానీ రేడియో తరంగాన్ని ఆపదు.

మాకే జరిగిన వింత కాదిది. అమెరికా కోస్ట్ గార్డ్ 2018 ఆగస్టులోనే సరిగ్గా దీనిమీద 13-18 నంబరుతో భద్రతా హెచ్చరిక ఇచ్చింది. అందులో చెప్పిన పరీక్షకి ఏ పరికరమూ అక్కర్లేదు. లైట్లన్నీ ఆర్పి, రేడియోని సద్దులేని ఛానెల్లో పెట్టి, రొద సరిగ్గా ఆగే గీత దగ్గర స్క్వెల్చ్ నిలపాలి. తర్వాత లైట్లు వెలిగించాలి. రేడియో అరిస్తే దోషం లైట్లది. రెండు నిమిషాల పని. రీఫిట్ అప్పగించిన రోజు నేను ఈ పని చేసి ఉంటే ఆ కుర్రాళ్లు ఆ రాత్రి నలభై నిమిషాలు చీకట్లో ఉండేవాళ్లు కాదు. ఆ తప్పు నాది కూడా, దాన్ని పక్కన పెట్టి రాయలేను.

దోషం లైట్లదని తేలిన ఆ రాత్రే ఏఐఎస్ కూడా చూశాను. చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో తెరమీద చూపే రేడియో వ్యవస్థ అది. అది పనిచేసేది 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద, కాబట్టి దాన్నీ ఇదే రొద కమ్మేస్తుంది. లైట్లు ఆర్పినప్పుడు 20 మైళ్ల అవతలి ఓడలు తెరమీద కనబడ్డాయి. వెలిగించి కాసేపు ఆగితే 7 మైళ్ల లోపలివే మిగిలాయి. ఆపద సంకేతాలు వచ్చే 70వ ఛానెల్ 156.525 మీద ఉంది, అంటే అదీ ఇదే గుంపులోది. ఎవరైనా ఆపదలో బటన్ నొక్కితే మనకి అందకపోవచ్చు. అన్నిటికంటే ఎక్కువ కోపం నాకు దీనిమీదే.

లైట్లు బిగించిన వాళ్లకి రాస్తే "మా సామానుకి సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి" అన్నారు. ఉన్నాయి, నిజమే, కానీ అవి ఇళ్లకీ హోటళ్లకీ సరిపోయేవి. ఓడ బ్రిడ్జ్ దగ్గర ఉండే పరికరాలకి ఐఈసీ 60945 అన్న ప్రమాణం ఉంది. మూడు మీటర్ల దూరంలో కొలిచినప్పుడు మిగతా వీహెచ్‌ఎఫ్ పౌనఃపున్యాల్లో అది మీటరుకి 54 డెసిబెల్ మైక్రోవోల్టుల దాకా ఒప్పుకుంటుంది, 156 నుంచి 165 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రం 24 దాటనివ్వదు. 30 డెసిబెల్స్ తేడా, శక్తిలో వెయ్యి రెట్లు. ఆ ఒక్క ఇరుకు పట్టీని అంత గట్టిగా ఎందుకు కాపాడుతున్నారో నాకు ఆ రాత్రి తర్వాత ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

మందు వేశాం, చాలావరకు తగ్గింది. హార్డ్‌టాప్‌లో ఉన్న పదకొండు డ్రైవర్లలో తొమ్మిదింటిని తీసి, పీడబ్ల్యూఎం లేకుండా కరెంటు తగ్గించే రకం తెప్పించాం. వాటిని కింది డెక్‌లో ఎర్త్ చేసిన ఇనుప పెట్టెలో పెట్టి, షీల్డు ఉన్న మెలిపెట్టిన తీగలతో పైకి లాగాం. రెండు చివర్లా ఫెర్రైట్లు, అంటే తీగకి తగిలిస్తే రొదని మింగే ముక్కలు. ఫెర్రైట్ అంటే ఏదో ఒకటి కాదు, వీహెచ్‌ఎఫ్‌లో పనిచేసే రకం కావాలి. మొదట నా దగ్గరున్నవి తగిలిస్తే ఏ మార్పూ రాలేదు. మూడు వారాలు పట్టింది, అదీ అతిథులు లేని రోజుల్లో.

ఇంకో కట్టుదిట్టం కూడా కావాలనుకున్నాను. నావిగేషన్ లైట్లు వెలిగితే హార్డ్‌టాప్ సర్క్యూట్ దానంతటదే ఆరిపోవాలి. ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి సముద్ర నియమావళిలో 20వ నియమం ఎలాగూ చెబుతోంది, నావిగేషన్ లైట్లను మసకబార్చేవి, కాపలా చూపుకి అడ్డొచ్చేవి రాత్రి వెలిగించకూడదని. ఈ స్ట్రిప్ వెలుగు బ్రిడ్జ్ కిటికీల్లో ప్రతిఫలించి ముందున్న చీకటిని మింగేస్తుంది, అది తెలిసిందే. ప్రోగ్రాంలో ఒక్క వరస రాస్తే సరిపోయే పని. కానీ ఆ ప్రోగ్రాం ఫైలూ పాస్‌వర్డూ మాకివ్వలేదు. డబ్బు కట్టి కొన్నది మనం, తాళంచెవి వాళ్ల దగ్గర. రెండు నెలలు ఎదురుచూసి చివరికి సైడ్‌లైట్ల (పడవ నడిచేటప్పుడు రెండు పక్కలా వెలిగే ఎరుపు, ఆకుపచ్చ లైట్లు) ఫీడ్ మీద ఒక రిలే పెట్టి నేనే తెంపాను. లంగరేసినప్పుడు సైడ్‌లైట్లు ఉండవు కాబట్టి అతిథులకి వెలుగు దొరుకుతుంది. పడవ కదిలితే ఆరిపోతుంది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. రీఫిట్ ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్లు ఆ ఫైలు సంగతి ముందే రాయించుకోండి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. మెయిన్ సలూన్‌లో ధ్వని ఇప్పటికీ నాకిష్టం, సబ్‌వూఫర్ మోగినప్పుడు ఒక చెక్క పలక కంపించేది, వెనక ఫెల్టు పెట్టాక పోయింది. బయటి స్పీకర్లు బానే ఉన్నాయి, వాటి గ్రిల్ మరలు రెండో వేసవికే తుప్పుపట్టాయి. టీవీలకి మొదట్లో నేను చాలా మార్కులేశాను. జెనరేటర్ నుంచి షోర్ పవర్‌కి, అంటే ఒడ్డు కరెంటుకి మారే ఆ ఒక్క సెకనుకే పరికరాల ర్యాక్ మొత్తం పడిపోయి లేవడానికి ఆరు నిమిషాలు పట్టడం చూశాక కొన్ని వెనక్కి తీసుకున్నాను. యూపీఎస్ పెట్టాక ఆ బాధ లేదు, అది మొదటి రోజే ఉండాల్సింది. నీటి అడుగు లైట్ల దగ్గరికి చేపలు వస్తాయి, పిల్లలు గంటలు గంటలు చూస్తారు. గాజు మీద నాచు నెలకోసారి గీకాలి, అంతే.

ఇక పెట్టించుకోవచ్చా అంటే, మా పరిస్థితి వేరు. మాది ఫైబర్‌గ్లాస్ హార్డ్‌టాప్, ఏంటెనాలు దానిమీదే. చార్టర్ పడవ, అంటే అద్దెకిచ్చేది కాబట్టి రాత్రిళ్లు టెండర్ తిరుగుతూనే ఉంటుంది. ఏంటెనాలు విడిగా ఎత్తైన మాస్ట్ మీద ఉండి, పైకప్పు అల్యూమినియం అయిన పడవలో ఈ స్ట్రిప్ వల్ల ఏ ఇబ్బందీ రాకపోవచ్చు. ఒక పెద్ద అల్యూమినియం పడవలో పనిచేసే స్నేహితుడు పరీక్ష చేసి తనకి చడీచప్పుడూ లేదన్నాడు. ఓనర్‌కి ఈ వెలుగంటే ప్రాణం, తీసేయమని నేను అడగలేదు. నన్నడిగితే సలూన్లో, కింది డెక్‌లలో మళ్లీ ఇదే పని ఇదే చేతులతో చేయించమంటాను. హార్డ్‌టాప్ మీద మాత్రం నా రేడియో పక్కన పెట్టి వెలిగించి చూపించేదాకా ఒప్పుకోను.

మార్చకుండా మిగిలిన రెండు డ్రైవర్లలో ఎడమవైపు వెనకది 35 శాతం దగ్గర ఇంకా సన్నగా బుసకొడుతోంది. అందుకని 'సాయంత్రం' సీన్‌లో ఆ ఒక్క ముక్కని 45 దగ్గర నిలిపాను, ఆ మూల మిగతావాటికంటే కాస్త తెల్లగా కనబడుతుంది. వచ్చే డ్రైడాక్‌లో, అంటే పడవని నీళ్లలోంచి తీసినప్పుడు, ఆ రెండూ మారుస్తాం. అప్పటిదాకా రోజూ చీకటి పడ్డాక, దీపాలు వెలిగిన వెంటనే, స్క్వెల్చ్ తెరిచి ఒక నిమిషం వింటున్నాను.