పాత ఫోటోలు: ఇంట్లో ఉంచుకోవడమా, ఆర్కైవ్‌కు ఇవ్వడమా, స్కాన్‌తో సరిపెట్టుకోవడమా? ఏది మేలు?

పాత ఫోటోల పెట్టె ఎవరి చేతికి వచ్చినా వారి ముందు మూడు దారులుంటాయి. ఇన్నాళ్లూ ఉన్నట్టే ఇంట్లో ఉంచుకోవచ్చు. పాత పత్రాలను, ఫోటోలను భద్రపరచడానికి గ్రంథాలయమో చరిత్ర సంఘమో నడిపే స్థానిక ఆర్కైవ్‌కు అసలు ప్రతులనే అప్పగించవచ్చు. లేదా స్కాన్ చేయించి నకళ్లు మాత్రం ఇచ్చి, అసలువి తమ దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. ఏది మేలని అడిగేవారు సాధారణంగా కాగితం ఎన్నేళ్లు నిలుస్తుందన్న లెక్కతోనే అడుగుతారు. నా అనుభవంలో కాగితం చెడిపోయిన ఫోటోల కంటే, కాగితం బాగానే ఉండి అందులో ఉన్నదెవరో తెలియకుండా పోయిన ఫోటోలే ఎక్కువ. అందుచేత ఈ మూడు దారులనూ రెండు తూకాల్లో తూచి చూడాలి: బొమ్మ ఎక్కడ నిలుస్తుంది, పేర్లు ఎక్కడ నిలుస్తాయి.

బొమ్మ విషయానికి వస్తే ఇల్లు ఓడిపోతుంది. గత శతాబ్దపు నలుపు తెలుపు ఫోటోల్లో చాలావరకు, కాగితం మీది జెలటిన్ పొరలో ఇమిడి ఉన్న వెండి రేణువులే బొమ్మగా కనిపిస్తాయి. గాలిలో తేమ పెరిగితే ఆ జెలటిన్ మెత్తబడి బూజు పడుతుంది. ఫ్రేములో అద్దానికి ఆనించి బిగించిన ఫోటో అయితే ఆ అద్దానికే అంటుకుపోతుంది. అలా అంటుకున్న ఫోటోను లాగితే కాగితం చేతికి వస్తుంది, ముఖం అద్దం మీద ఉండిపోతుంది. దాన్ని అద్దంతో సహా స్కాన్ చేయించడమే మంచిది. కొన్ని ఫోటోల్లో నల్లటి భాగాల మీద నీలిరంగు లోహపు మెరుపు కనిపిస్తుంది. అది లోపలి వెండి పైకి తేలి వచ్చిందనడానికి గుర్తు. కలర్ ఫోటోల్లో వెండికి బదులు రంగు ద్రవ్యాలుంటాయి కాబట్టి అవి చీకట్లో దాచినా వెలిసిపోతాయి. 1960లు, 70ల నాటి చాలా కలర్ ఫోటోలు ఎర్రబారడానికి ఎండ ఒక్కటే కారణం కాదు: వాటిలోని నీలాకుపచ్చ రంగు మిగిలిన రెండు రంగుల కంటే ముందుగా క్షీణించింది. ఇక జిగురు గీతల పేజీల మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బములున్నాయే, ఫోటోలకు వాటంత చేటు చేసిన వస్తువు మరొకటి లేదని నేనంటాను. ఆ జిగురు పసుపెక్కి ఫోటో వెనక్కి ఇంకుతుంది, కొన్నాళ్లకు ఫోటో ఊడి రాదు.

మంచి ఆర్కైవ్‌లో గది చల్లగా ఉంటుంది; గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటుంది; ఫోటోలకు హాని చేయవని ఐఎస్ఓ 18916 అనే అంతర్జాతీయ ప్రమాణ పరీక్షలో తేలిన కవర్లు వాడతారు. ఇంట్లో ఇదంతా సాధ్యం కాదు. అయితే వంటగదికి, స్నానాల గదికి దూరంగా ఉన్న లోపలి గదిలో, నేలకు ఎత్తుగా, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టడం ఎవరికైనా సాధ్యమే. అటక మాత్రం వద్దు.

పేర్ల తూకం వేరు. ఆ మధ్య నా చేతికి వచ్చిన ఒక గ్రూప్ ఫోటోలో మూడు వరుసల మనుషులున్నారు. వెనక పెన్సిల్‌తో కింది వరుస పేర్లు మాత్రమే రాసి ఉన్నాయి, అవి కూడా "కుడి నుంచి" అని మొదలవుతాయి. ఎవరి కుడి? చూసేవారి కుడా, కూర్చున్నవారి కుడా? ఈ ఒక్క మాట తేలక మూడు పేర్లు ముగ్గురు తప్పు మనుషులకు అంటుకున్నాయి. ఆ కుటుంబంలోని ఒక పెద్దావిడ భూతద్దం పట్టుకుని, పై వరుసలో ముఖం సగం మసకేసిన మనిషిని గుర్తుపట్టారు. ముఖం చూసి కాదు, ముందున్న కుర్చీ మీద మోచేయి ఆనించి నిలబడే తీరు చూసి. ఆ జ్ఞానం ఏ ఆర్కైవ్ బీరువాలోనూ ఉండదు. ఫోటోలు ఇంట్లో ఉన్నంతకాలం నలుగురూ చేతుల్లోకి తీసుకుని మాట్లాడుకుంటారు. అప్పగించాక ఆ మాట ఆగిపోతుంది.

ఆర్కైవ్ మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే. ఒక సంస్థకు నేను ఇచ్చిన ఆల్బమును వారు సదుద్దేశంతోనే పేజీల నుంచి విడదీసి, పెళ్లిళ్లు ఒక పెట్టెలో, బడి ఫోటోలు ఒక పెట్టెలో సర్దారు. ఎవరి పక్కన ఎవరి ఫోటో అతికించారో, ఏ పేజీలో ఒక ఫోటో పీకేసిన మచ్చ ఉందో, ఆ కథంతా పోయింది. ఒకచోటి నుంచి వచ్చిన పత్రాలను మరో చోటివాటితో కలపకూడదన్న నియమాన్ని ఫ్రాన్స్ 1841లోనే ప్రభుత్వ ఆదేశంగా రాసుకుంది. వచ్చిన వరుసను చెదరనివ్వకూడదన్న నియమం ఆ తరువాత స్థిరపడింది. చిన్న సంస్థల్లో ఈ రెండూ తెలిసినవారు ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి.

స్కాన్ ఈ రెండు లోపాలనూ తీరుస్తుందని చాలామంది నమ్ముతారు. కొంతవరకు నిజమే. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల ఫోటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2400, 3600 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. కుదించని టిఫ్ ఫైలుగా భద్రపరిస్తే దాదాపు 26 ఎంబీ ఉంటుంది. వెయ్యి ఫోటోలైనా 26 జీబీకి మించవు కాబట్టి చోటు లేదన్న సాకు ఈ రోజుల్లో చెల్లదు. పంచుకోవడానికి కుదించిన జేపెగ్ ఫైలు చాలు, దాచుకోవడానికి మాత్రం టిఫ్ ఉండాలి. ఫోటో వెనక వైపును కూడా తప్పక స్కాన్ చేయాలి: చేతిరాత, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపిన ప్రతిని భద్రపరచిన ప్రతిగా లెక్కించకూడదు. అది కుదించుకుపోతుంది, ఫైలు లోపల రాసిపెట్టిన పేర్లు, తేదీలు కూడా ఎగిరిపోతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటుంది. కాగితపు ఫోటోను పెట్టెలో పెట్టి ముప్పై ఏళ్లు మరిచిపోయినా ఎంతో కొంత మిగులుతుంది, హార్డ్‌డిస్కును అలా మరిచిపోతే ఏమీ మిగలకపోవచ్చు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట ఉండాలన్న నియమం అందుకే పుట్టింది.

ఇక నా తీర్పు. ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కంటే, మూడింటినీ సరైన వరుసలో చేయడం ముఖ్యం. మొదట పేర్లు, ఆ తరువాత స్కాన్, అన్నిటికన్నా చివర అప్పగింత. గుర్తుపట్టగల పెద్దవారిని కూర్చోబెట్టి, వారి మాటలను ఫోనులో రికార్డు చేసి, "చూసేవారి ఎడమ నుంచి" అని స్పష్టంగా రాసుకోవాలి. ఫోటో వెనక రాయడానికి మెత్తని పెన్సిల్ వాడాలి, బాల్‌పెన్ రాత ముందువైపు గీతలుగా తేలుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తరకం కాగితం మీద పెన్సిల్ పడదు కనుక, వాటికి కవరు మీద రాయాలి. ఇదంతా అయ్యాక అసలు ప్రతులను ఆర్కైవ్‌కే ఇవ్వమంటాను, నకళ్లు ఇంట్లో ఉంచుకోమంటాను. ఇస్తున్నది దానంగానా, అప్పుగానా అన్నది కాగితం మీద ఉండాలి. ఫోటో కాగితం మీద హక్కు వేరు, ఆ బొమ్మను ప్రచురించే హక్కు వేరు. రెండో హక్కు తీసినవారిదే కావచ్చు. పదిమంది ఉన్న ఫోటోను ఒక్కరు అప్పగిస్తున్నప్పుడు, కొన్నిటిని కొన్నేళ్లపాటు బయటపెట్టకూడదన్న షరతు పెట్టుకోవడంలో తప్పు లేదు. ఒక్క మనిషి ఉత్సాహం మీద నడిచే ఆర్కైవ్ అయితే, "మీ తరువాత ఎవరు చూసుకుంటారు?" అని మొహమాటం లేకుండా అడగాలి. జవాబు రాకపోతే నకళ్లు మాత్రమే ఇవ్వడం మేలు.

నెగటివ్‌లకు మాత్రం ఈ వరుస వర్తించదు. 1950ల తొలినాళ్లకు ముందువాటిలో కొన్ని నైట్రేట్ ఫిల్ములు. వాటికి తేలికగా నిప్పు అంటుకుంటుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము నిప్పు విషయంలో క్షేమమే, కానీ పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వేస్తుంది, ఆ ఆవిరి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. పెట్టె తెరవగానే పుల్లని వాసన కొడితే, పేర్లు కనుక్కునేదాకా ఆగకుండా ఆ నెగటివ్‌లను వేరుచేసి, ఆర్కైవ్‌తో మొదటి మాట వాటి గురించే మాట్లాడాలి.