300బి ట్యూబ్ యాంప్లిఫైయర్, దాని కంపన నిరోధక పాదాలు: ఒక సమీక్ష

300బి అనే ట్రయోడ్‌తో (మూడు ఎలక్ట్రోడ్లు గల వాక్యూమ్ ట్యూబు), సింగిల్ ఎండెడ్ పద్ధతిలో (సిగ్నల్ మొత్తాన్నీ ఒకే అవుట్‌పుట్ ట్యూబు పెంచే విధానం) నిర్మించిన ఈ యాంప్లిఫైయర్ ఒక్కో చానెల్‌కు సుమారు 8 వాట్లే ఇస్తుంది కనుక, సెన్సిటివిటీ ఎక్కువగా ఉన్న, అంటే తక్కువ పవర్‌తోనే గట్టిగా మోగే, స్పీకర్లు గలవారికే దీనిని సిఫారసు చేస్తాను. గాత్రం ఇందులో ఎంతో సహజంగా పలుకుతుంది.

దీని ప్రాణమంతా ట్యూబును స్పీకర్‌కు జతపరిచే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉంది. ఈ పద్ధతిలో ప్రైమరీ చుట్టల (ట్యూబు వైపు తీగ చుట్టల) గుండా డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) నిరంతరం ప్రవహిస్తుంది కాబట్టి, ఆ చుట్టల మధ్య ఉండే కోర్‌లో గాలి సందు విడిచిపెట్టక తప్పదు. దానివల్ల తగ్గే ఇండక్టెన్స్‌ను (కరెంటులో మార్పును ఎదిరించే గుణాన్ని) పెద్ద కోర్‌తో భర్తీ చేయకపోతే మంద్రస్వరాలు పలచబడతాయి. నిర్మాతలు ఇక్కడ బరువుకు వెనుకాడకపోవడం నాకు ఎంతో నచ్చింది.

ట్యూబులోని గ్రిడ్ (ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని నియంత్రించే సన్నని తీగల జాలి) కంపిస్తే ఆ కంపనమే శబ్దంగా మారి స్పీకర్లలో వినబడుతుంది. ఇన్‌పుట్ ట్యూబును మెల్లగా తట్టినప్పుడు వచ్చే గణగణ ధ్వని, సిలికోన్ రింగు తొడిగాక స్పష్టంగా తగ్గింది. సార్బోథేన్ (కంపనాలను పీల్చుకునే మెత్తని పదార్థం) పాదాలను మాత్రం యాంప్లిఫైయర్ బరువుకు తగినవిగా ఎంచుకోవాలి, లేకుంటే అవి పూర్తిగా అణగిపోయి పనిచేయవు.